శ్రమల కొలిమిలో విలియం కేరీ

భిలాయి ఉక్కు నగరమునకు ఆనుకొని ఉన్న చరోదాలో పెద్ద రైల్వే యార్డు ఉన్నది. దేశములోని పలు దిక్కులకు పోవు గూడ్సు బండ్ల పెట్టెలు అక్కడ రేయింబవళ్లు విడదీయబడి, మరల జతచేయబడుచుండును. సోవియట్ ప్రభుత్వముతో 1955లో ఒడంబడిక జరిగి, 1959 ఫిబ్రవరిలో భిలాయి కర్మాగారపు మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైనది మొదలుకొని ఈ ప్రాంతమునకు కొలువుల నిమిత్తము తరలివచ్చిన తెలుగువారు అనేకులు. ఉక్కు పనిలోను, రైల్వే పనిలోను కుదురుకొని, పిల్లలకు హిందీ అలవడినను ఇంటిలో తెలుగు బైబిలును, కీర్తనల పుస్తకమును విడువక కాపాడుకొన్న కుటుంబములు వారిలో ఉన్నవి.

ఇటువంటి ఊళ్లలో మరణము ఒక్కొక్కసారి చెప్పాపెట్టకుండ వచ్చును. కొలిమి దగ్గర గాని పట్టాల నడుమ గాని ప్రమాదము జరుగును. నిన్న ఆడుకొన్న బిడ్డ నేడు జ్వరముతో కన్ను మూయును. ఆ ఇంటిలో ఆదరణ కూడిక పెట్టినప్పుడు వచ్చినవారి నోట రెండు మాటలలో ఒకటి తరచుగా వినబడును. తెలియని పాపమేదో దాగియున్నదనునది ఒకటి. ఇదంతయు మన మేలుకే జరిగినదనునది మరియొకటి. యోబు స్నేహితులు ఏడు దినములు నేల మీద కూర్చుండి నోరు మెదపకున్నంత కాలము మంచి స్నేహితులే. నోరు తెరచిన తరువాతనే చిక్కు వచ్చినది.

చరోదా గుండా పోవు రైలుమార్గము తూర్పున హౌరా వరకు సాగును. హౌరాకు ఉత్తరముగా సుమారు 20 కిలోమీటర్ల దూరమున, హుగ్లీ నది ఒడ్డున, శ్రీరామపురమను పట్టణము కలదు. విలియం కేరీ గారు తన జీవితములోని కడపటి 34 సంవత్సరములు అక్కడ గడిపి, అక్కడనే మట్టిలో కలిసెను. ఆయనను ఆధునిక మిషనెరీ ఉద్యమమునకు పితయనియు, అనేక భాషలలోనికి వాక్యమును తెచ్చిన పండితుడనియు మన సంఘములు ఎరుగును. ఆయన ఇంటిలోపలి దుఃఖమును ఎరిగినవారు తక్కువ. ఆ దుఃఖములో అధిక భాగమునకు ఆయన కారణము వెదకినను దొరకలేదు.

ఇంగ్లాండు దేశమున నార్తాంప్టన్ మండలములోని పాలర్స్‌పరీ గ్రామములో 1761 ఆగస్టు 17న కేరీ జన్మించెను. తండ్రి ఎడ్మండు నేతపనివాడు. తరువాత ఆ ఊరి బడిపంతులైనాడు. కేరీకి ఎండ తగిలిన చర్మము పొక్కు వ్యాధి ఉండెను గనుక పొలము పని కుదరలేదు. చెప్పులు కుట్టు పనిలో పెట్టిరి. ఎండకు తాళలేని ఆ పిల్లవాడే తరువాత 40 సంవత్సరములు వంగదేశపు ఎండలో బ్రదికెను. 1781 జూన్ 10న పిడింగ్టన్ గ్రామములో ఆయన డొరతీ ప్లాకెట్‌ను వివాహమాడెను. ఆమె ఆయనకంటె అయిదారేండ్లు పెద్దది. చదువు రానిది, వివాహపు పుస్తకములో సంతకమునకు బదులు గీతల గుర్తు పెట్టెను. మొదటి కుమార్తె యాన్ రెండవ యేట జ్వరముతో మరణించెను. అదే జ్వరము తండ్రికిని సోకి, ప్రాణము దక్కెను గాని తల వెండ్రుకలు రాలిపోయెను. పూట గడవని ఆ దినములలో ఆయన తమ్ముడు తన కొద్దిపాటి సొమ్ము ఇచ్చి ఆదుకొనెను. ఇదంతయు ఆయన మిషనెరీ కాకమునుపటి మాట.

కేరీ చెప్పులు కుట్టుచునే లాటిను, గ్రీకు, హెబ్రీ భాషలు నేర్చెను. బాప్తిస్టు సంఘములకు కాపరియయ్యెను. అన్యదేశములకు సువార్త పంపుట క్రైస్తవుల విధియని 1792లో ఒక చిన్న గ్రంథము ప్రకటించెను. ఆ సంవత్సరము అక్టోబరు 2న కెట్టరింగు పట్టణములో మిషనెరీ సంఘము ఏర్పడెను. ఈ సంగతులు పలుమార్లు చెప్పబడినవే. తరచుగా చెప్పబడనిది డొరతీ సంగతి.

ఆమె భారతదేశమునకు రానని చెప్పెను. ఆమె నిరాకరణను అవిశ్వాసముగా చిత్రించిన జీవిత చరిత్రలు ఉన్నవి. అది న్యాయము కాదు. ఆమె తన మండలము దాటి ఎరుగనిది. ఇద్దరు బిడ్డలను పాతిపెట్టినది. ముగ్గురు పసివారితో ఉండి మరియొక కాన్పు దగ్గరపడినది. పెద్ద కుమారుడగు ఫెలిక్సును మాత్రము వెంటబెట్టుకొని కేరీ బయలుదేరెను. అయితే ఈస్టిండియా కంపెనీ అనుమతి లేనందున వారిని ఓడ నుండి దింపివేసిరి. ఆ ఆలస్యములో కేరీయు, ఆయన సహచరుడగు వైద్యుడు జాన్ థామసును మరల ఆమె యొద్దకు వెళ్లిరి. ఆమె మొదట ఒప్పుకొనలేదు. థామసు దారిలోనుండి వెనుకకు తిరిగివచ్చి, ఇప్పుడు రాకపోయినయెడల కుటుంబము శాశ్వతముగా చీలిపోవుననియు, బ్రదుకంతయు పశ్చాత్తాపపడవలసి వచ్చుననియు హెచ్చరించెను. చెల్లెలు కిట్టి తోడు వచ్చిన వత్తునని ఆమె చివరకు ఒప్పుకొనెను. నెలలైన నిండని జాబెజును ఒడిలో పెట్టుకొని 1793 జూన్ 13న ఆమె డేనిష్ ఓడ ఎక్కెను. అది ఇష్టపూర్వకమైన సమర్పణయా, లేక భయమునకు లోబడుటయా అని తరువాతి తరములవారు అడుగక తప్పదు.

నవంబరు 11న వారు కలకత్తా చేరిరి. తెచ్చుకొన్న సొమ్ము థామసు చేతిలో కొద్దికాలములోనే హరించిపోయెను. పరాయి దేశములో, చెమ్మగిల్లిన ఇంటిలో, డొరతీయు ఫెలిక్సును రక్త విరేచనములతో మంచము పట్టిరి. 1794 ఆరంభమున సుందరవనముల అంచున దేభట్ట యొద్ద కేరీ అడవి నరికి కాపురము పెట్టబోయెను. అక్కడ చెల్లెలు కిట్టి కంపెనీ ఉద్యోగియగు షార్టు గారిని పెండ్లాడి నిలిచిపోయెను. కేరీకి ఉత్తర వంగదేశమున మదనావతిలో నీలిమందు కర్మాగారపు పని దొరకగా, డొరతీ తన ఏకైక ఆప్తురాలిని విడిచి మరల ప్రయాణము చేయవలసి వచ్చెను.

ఆ అక్టోబరులో పీటరు చనిపోయెను. ఆ పిల్లవానికి అయిదేండ్లు. తండ్రియు జ్వరముతో లేవలేని స్థితిలో ఉండెను. గొయ్యి త్రవ్వుటకు ఎవరును ముందుకు రాలేదు. పరాయి జాతివాని శవము ముట్టిన కులము పోవునను భయము ఆ ఊరివారిని ఆపెను. ఎట్టకేలకు నలుగురు ముసల్మానులు సమాధి త్రవ్విరి. దానికి ప్రతిఫలముగా ఊరి పెద్ద వారితో ఎవరును తినకూడదనియు, త్రాగకూడదనియు వెలివేసెను. జ్వరముతో వణకుచున్న కేరీ ఆ నలుగురి పక్షమున పోరాడవలసి వచ్చెను. బిడ్డకు సమాధి త్రవ్విన పాపమునకు వారు పొందిన శిక్షయు అకారణ శ్రమయే.

కొన్ని నెలలకు డొరతీ మనస్సు చెదరెను. భర్త వ్యభిచారియను భ్రమ ఆమెకు పట్టుకొనెను. ఆయన వెళ్లిన చోటికెల్ల వెంబడించి వీధిలో అరచెను. ఒకటి రెండుసార్లు కత్తితో మీద పడెను. కేరీ చాలకాలము ఈ సంగతి స్వదేశమునకు వ్రాయక, 1795లో తన అక్కచెల్లెండ్రకు మాత్రము తెలియజేసెను. ఆమెను పిచ్చివారి ఆశ్రమమునకు పంపుమని సలహా ఇచ్చినవారు లేకపోలేదు. ఆ కాలమున అట్టి ఆశ్రమములు చెరసాలలకంటె మెరుగైనవి కావు. ఆయన పంపలేదు. అయితే ఆమెను గదిలో నిర్బంధించి ఉంచవలసి వచ్చెను. ప్రక్క గదిలో ఆయన బంగాళీ బైబిలు తర్జుమా చేయుచుండెను. పన్నెండు సంవత్సరములు అట్లు గడచినవి.

ఈ భాగమును చదువునప్పుడు చాలమంది కేరీ సహనమును మెచ్చుకొందురు. మెచ్చుకొనదగినదే. కాని ఆ గదిలోపల ఉన్నది ఎవరు? శ్రమ రెండు వైపుల నుండెను. ఒక వైపున పని, పేరు, స్నేహితులు, లేఖనములు ఉండెను. మరియొక వైపున ఏమియు లేదు. డొరతీ శ్రమ కేరీ పరిశుద్ధతను మెరుగుపెట్టుటకు దేవుడు ఉపయోగించిన ఆకురాయి మాత్రమేయని చెప్పుట, ఎలీఫజు వాదమునకు క్రొత్త అంగీ తొడుగుటయే. కేరీ తానెన్నడు అట్లు చెప్పినట్లు కనబడదు. ఆయన ఆమె గూర్చి కనికరముతోను, తన గూర్చి అలసటతోను వ్రాసెను.

మదనావతిలో గడచిన అయిదారేండ్లలో ఒక్క బంగాళీయుడును బాప్తిస్మము పొందలేదు. నీలిమందు పంట వరదలకు పాడయ్యెను. 1799 అక్టోబరులో జాషువా మార్ష్‌మన్, విలియం వార్డు మొదలగువారు ఇంగ్లాండు నుండి వచ్చిరి. కంపెనీ వారిని తన భూమిలో నిలువనీయదు గనుక డేనిష్ పాలనలోని శ్రీరామపురములో దిగిరి. 1800 జనవరి 10న కేరీ తన కుటుంబముతో వారిని చేరెను.

అదే సంవత్సరము డిసెంబరు 28, ఆదివారము. వడ్రంగి కృష్ణపాలుకు హుగ్లీ నదిలో బాప్తిస్మమిచ్చిన దినము. ఏడు సంవత్సరముల కన్నీటికి మొదటి పంట. కేరీ ఒక ప్రక్క తన కుమారుడగు ఫెలిక్సుతోను, మరియొక ప్రక్క కృష్ణపాలుతోను నదిలోనికి దిగెను. డేనిష్ గవర్నరు ఒడ్డున నిలిచి కన్నీరు కార్చెను. ఆ దినమే మిషను ఇంటిలో ఒక గదిలో డొరతీ అరచుచుండెను. ఇంకొక గదిలో జాన్ థామసు, ఎన్నేండ్లుగానో ఎదురుచూచిన ఆ ఫలమును చూచిన సంతోషమును మోయలేక మతి తప్పి, కేకలు వేయుచుండెను. కృష్ణపాలు కీలు తప్పిన చేతిని సరిచేసి, అతనికి సువార్త చెప్పినవాడు ఆ థామసే. అతడు మరుసటి సంవత్సరమే మరణించెను. సంఘచరిత్రలు ఆ దినమును గూర్చి వ్రాయునప్పుడు నదిని చూపి, గదులను మూసివేయుట వాడుక. ఆ దినము రెండును కలిసియే ఉండెను. కేరీ నదిలోనుండి తడిబట్టలతో ఆ ఇంటికే తిరిగివచ్చెను.

1801 ఫిబ్రవరిలో బంగాళీ క్రొత్త నిబంధన అచ్చయ్యెను. ఆ సంవత్సరమే కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాలలో బంగాళీ, సంస్కృతములు బోధించు పని కేరీకి లభించెను. ఆ జీతములో అత్యధిక భాగము మిషను పనికే పోయెను. తండ్రికి తీరిక లేక, తల్లికి తెలివి లేక పెరిగిన పిల్లలను వార్డు గారును, మార్ష్‌మన్ భార్యయగు హన్నా గారును చేరదీయకపోయిన ఏమగుదురో. కేరీ మంచి తండ్రియేగాని శ్రద్ధగల తండ్రి కాడని ఆయన సహచరులే బాధపడిరి.

1807 డిసెంబరు 8న డొరతీ జ్వరముతో మరణించెను. కొన్ని నెలలకే, 1808 మే నెలలో, కేరీ షార్లెట్ రూమోర్ అను డేనిష్ స్త్రీని వివాహము చేసికొనెను. ఇంత త్వరగానాయని సహచరులు నొచ్చుకొనిరి. షార్లెట్ నడవలేని రోగి. అయినను బహుభాషలు చదివినది, ఆయన అనువాదములను సరిచూడగలది. ఆమెతో గడచిన పదమూడు సంవత్సరములే ఆయన ఇంటిలో నెమ్మది ఎరిగిన కాలము.

తెలుగువారికి ఈ కథ దగ్గరయగునది 1812లో. దానికి కొంచెము పూర్వరంగము అవసరము. 1805లో లండను మిషను పక్షమున విశాఖపట్టణము వచ్చిన జార్జి క్రాను, అగస్టస్ డెగ్రాంజెలు తెలుగు నేర్చి, ఆనందరాయరను క్రైస్తవుడైన బ్రాహ్మణుని సహాయముతో సువార్తలను తెనిగింప మొదలిడిరి. క్రాను 1809లోను, డెగ్రాంజె 1810లోను మరణించిరి. నాలుగైదేండ్ల పరిచర్య, రెండు సమాధులు. వారు ముగించిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు అచ్చు నిమిత్తము శ్రీరామపురమునకే పోయెను. కేరీ కూడ వేరుగా తెలుగు వ్యాకరణమును వ్రాయుచు, తన పండితులతో తెలుగు తర్జుమా సాగించుచుండెను.

1812 మార్చి 11 సాయంకాలము ఆరు గంటల వేళ. కేరీ కలకత్తాలో ఉండెను. వార్డు ముద్రణశాలలో లెక్కలు చూచుకొనుచుండగా పొగ వాసన తగిలెను. కాగితపు దొంతరలలో నిప్పు అంటుకొనియుండెను. ఆయన కిటికీలన్నియు మూయించి, కప్పుపైనుండి నీరు పోయించి, గంటల తరబడి మంటను అణచి ఉంచెను. ఇంక ఆరునను సమయమున ఎవరో మేలు చేయబోయి ఒక కిటికీ తెరచిరి. గాలి సోకగానే మంట ఒక్కసారిగా లేచెను. అర్ధరాత్రికి రెండువందల అడుగుల ఆ శాల కప్పు కూలెను. ప్రాణహాని జరుగలేదు.

కాలిపోయినవాటి లెక్క ఇది: ఇంగ్లాండు నుండి అప్పుడే వచ్చిన కాగితము 1,200 రీములు, పదునాలుగు ప్రాచ్య భాషల అచ్చక్షరములు, పలు అనువాదముల వ్రాతప్రతులు, సంస్కృతమును దాని సంబంధ భాషలన్నిటిని కలిపి కేరీ ఏండ్ల తరబడి కూర్చుచున్న మహానిఘంటువు, పంజాబీ వ్యాకరణములో చాల భాగము, తెలుగు వ్యాకరణము యావత్తు. నష్టము పదివేల పౌనులని అంచనా వేసిరి. కాగితమునకు పౌనులలో వెల కట్టవచ్చును, వ్రాతప్రతికి కట్టలేరు. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క దినము పండితులతో వాదించి నిలిపిన పంక్తులవి. వాటికి నకలు లేదు. అనువాదకుని శ్రమ ఎరిగినవారు ఈ చోట పుస్తకము మూసి కొంతసేపు ఊరకుందురు.

మరునాడు ఉదయమున మార్ష్‌మన్ కలకత్తా వెళ్లి కేరీకి తెలిపెను. ఆయనకు కొంతసేపు నోట మాట రాలేదు. సాయంకాలము చాప్లెయిను థామసన్ గారితో కలిసి శ్రీరామపురము చేరి, ఇంకను పొగలు గ్రక్కుచున్న శిథిలముల మధ్య తిరిగెను. థామసన్ ఏడ్చెను. కేరీ కన్నులలో నీరు నిండెను.

అప్పటికే వార్డు కూలీలతో బూడిద త్రవ్వించుచుండెను. ఉక్కు పని ఎరిగిన చరోదా, భిలాయివారికి ఇక్కడ జరిగినది ఇతరులకంటె బాగుగా బోధపడును. సీసపు అక్షరములు కరిగి ముద్దలైపోయెను. కాని అక్షరము పుట్టునది సీసములో కాదు. మొదట ఉక్కు కడ్డీ కొనపై ఆ అక్షరమును చెక్కుదురు. ఆ ఉక్కు ముద్రను రాగి పలకపై కొట్టి గుంట చేయుదురు. ఆ గుంటలో కరిగిన సీసము పోసిన అచ్చక్షరము వచ్చును. కమ్మరి కులస్థుడగు పంచానన కర్మకారుడును, అతని అల్లుడు మనోహరుడును ఏండ్లు శ్రమపడి చెక్కిన నాలుగువేల ఉక్కు ముద్రలు బూడిదలో చెడకుండ దొరికెను. రాగి మాతృకలును దొరికెను. అయిదు అచ్చు యంత్రములు మిగిలెను. అద్దెకు ఇచ్చిన ఒక పెద్ద గిడ్డంగి అంతకుముందే ఖాళీ అయియుండెను. అది క్రొత్త ముద్రణశాల అయ్యెను. కరిగిన సీసపు ముద్దలనే మరల కరగించి, పనివారు వంతులవారీగా రాత్రింబగళ్లు అక్షరములు పోసిరి. కొన్ని వారములలోనే తమిళ అచ్చు సిద్ధమయ్యెను. తక్కినవి ఒకదాని వెంట ఒకటి వచ్చెను.

ఆ వచ్చిన ఆదివారము కేరీ 46వ కీర్తనలోనుండి, ఊరకుండి దేవుడే దేవుడని తెలిసికొనుడను భావముగల వచనముపై ప్రసంగించెను. మనలను, మన పనిని తన చిత్తప్రకారము చేయుటకు దేవునికి హక్కు కలదనియు, ఆ చిత్తమునకు లోబడుట మన ధర్మమనియు రెండే అంశములుగా చెప్పెను. ఆ ప్రసంగములో అగ్ని ఎందుకు వచ్చినదో లేదు. స్నేహితులకు వ్రాసిన ఉత్తరములలో మాత్రము, పనిని చూచి తాను అతిశయించితినేమో, ప్రభువు తనను తగ్గించి తనవైపు చూడజేయుచున్నాడేమో అని తన్ను తానే పరీక్షించుకొనెను. తన మీద తప్పు మోపుకొనుట ఆయన స్వభావము. ఇతరుల శ్రమకు వారి తప్పు కారణమని చెప్పుట ఆయన స్వభావము కాదు. ఈ భేదము చిన్నదిగా కనబడును గాని, ఆదరణ కూడికలలో దీనిని మరచుటచేతనే చాల గాయములు కలిగినవి. ఒకసారి నడచిన దారిని రెండవసారి నడచుట సులభమనియు, అడుగు మరింత నిశ్చయముగా పడుననియు కూడ ఆయన వ్రాసెను. ఆ మాట వ్రాసి ఊరకుండలేదు. మొదటి పుట నుండి మరల మొదలుపెట్టెను.

తెలుగు వ్యాకరణము 1814లో అచ్చయ్యెను. తెలుగు క్రొత్త నిబంధన 1818లోను, మోషే అయిదు కాండములు 1821లోను శ్రీరామపురము నుండి వెలువడెను. ఇక్కడ కథ ముగించిన వినుటకు ఇంపుగా ఉండును. నిజము వేరు. ఆ తెలుగు అనువాదము మన సంఘములలో నిలువలేదు. విశాఖపట్టణములో తెలుగువారి మధ్య నివసించి ఎడ్వర్డ్ ప్రిచెట్ గారు చేసిన క్రొత్త నిబంధన మద్రాసులో అచ్చయి, అదియే వాడుకకు వచ్చెను. భాష మాటలాడువారి నడుమ కూర్చుండక, దూరమున ఉండి పలు భాషలు ఒకేసారి చేయుటలో ఉన్న లోపము అది. కేరీ దానిని ఎరుగకపోలేదు. తన అనువాదములు తరువాతివారు దిద్దవలసినవేయని ఆయన భావించెను. నిఘంటువు మాత్రము మరల వ్రాయబడనే లేదు. దానిని తిరిగి కూర్చుటకు ఒక జీవితము చాలదు.

పెద్ద కుమారుడు ఫెలిక్సు వలన కలిగిన దుఃఖము వేరు విధమైనది. తండ్రితో ఒకే దినమున కృష్ణపాలు ప్రక్కన నదిలో దిగిన ఆ బాలుడు 1807లో బర్మాకు మిషనెరీగా వెళ్లెను. మొదటి భార్య కొలదికాలములోనే చనిపోయెను. 1814లో ఐరావతి నదిలో పడవ మునిగి రెండవ భార్యయు, ఇద్దరు పిల్లలును అతని కన్నుల ఎదుట మునిగిపోయిరి. ఆ తరువాత బర్మా రాజు కొలువులో చేరి, రాయబారిగా ఆర్భాటముతో కలకత్తా వచ్చి, అప్పులు చేసి, కొంతకాలము దిక్కు తెలియక తిరిగెను. లోకమునకు అది ఎదుగుదలగా కనబడినను కేరీకి అది దిగుటగా తోచి, స్నేహితులకు ఆ బాధ వెళ్లబోసికొనెను. ఒక వైపున చూచిన ఆ తండ్రి మాట నిజమే. అయితే నీటిలో తన ఇంటివారినందరిని పోగొట్టుకొన్నవాడు ఏ స్థితిలో ఉండునో ఆలోచింపవలసియున్నది. అందరును కేరీవలె ఉక్కు ముద్రలు కారు. కొందరు సీసమువలె కరుగుదురు. ఫెలిక్సు 1818లో వార్డు చేయిపట్టుకొని శ్రీరామపురమునకు తిరిగివచ్చెను. తండ్రి అతనిని నిందింపక చేర్చుకొనెను. తండ్రి ప్రక్కననే బంగాళీ గ్రంథములు వ్రాయుచు, 1822 నవంబరులో మరణించెను. అంతకు ఒకటిన్నర సంవత్సరము ముందు, 1821 మే 30న షార్లెట్ చనిపోయియుండెను. 1823 మార్చిలో వార్డు కలరాతో ఒక్క దినములో పోయెను.

కేరీ మూడవసారి వివాహమాడిన గ్రేస్ హ్యూస్ గారు ఆయన వృద్ధాప్యములో తోడైయుండెను. ఆమె సేవ వెంటనే అవసరమయ్యెను. 1823 అక్టోబరులో రాత్రివేళ పడవ దిగుచు కేరీ కాలుజారి పడి తుంటి దెబ్బతినెను. ప్రాణము మీదికి వచ్చి, నెలల తరబడి ఊతకర్రలతో నడచెను. ఆ దినములలోనే దామోదర నది పొంగి హుగ్లీలో కలిసి వరదయై, ఆయన ప్రాణప్రదముగా పెంచిన తోటను పాడుచేసెను. ఒడ్డు తెగి ఇల్లు కూడ విడువవలసి వచ్చెను. మంచము మీదనుండియే ఆయన క్రొత్త విత్తనముల కొరకు ఉత్తరములు వ్రాయించెను.

అగ్ని, నది, మరణము—ఇవి సహింపదగినవేయని ఆయన బ్రదుకు చూచిన అనిపించును. సహింపరానిది స్వజనుల అపనమ్మకము. 1815లో ఆండ్రూ ఫుల్లరు గారు చనిపోయిన తరువాత, ఇంగ్లాండులోని క్రొత్త కమిటీవారు శ్రీరామపురములోని ఆస్తులు ఎవరివని లెక్కలు అడుగసాగిరి. తమ జీతములు ధారపోసి కట్టినవారిని తిన్నవారివలె ప్రశ్నించిరి. మిషనెరీలు ధనము కూడబెట్టిరను పుకార్లు బ్రిటిషు సంఘములలో తిరిగెను. పడుచు మిషనెరీలు కలకత్తాలో వేరు సంఘము పెట్టిరి. 1827లో శ్రీరామపురమునకును, కేరీ తన చేతులతో పుట్టించిన ఆ మిషనెరీ సంఘమునకును తెగతెంపులయ్యెను. ఆ దినములలో ఆయన వ్రాసిన ఉత్తరములలో కోపము ఉన్నది, కన్నీరు ఉన్నది. పరిశుద్ధుల జీవితము వ్రాయువారు ఆ కోపమును తుడిచివేయుదురు. యోబు గ్రంథము యోబు కోపమును తుడిచివేయలేదు.

1830లో కలకత్తాలోని పామరు కంపెనీ దివాలా తీసెను. వెనువెంట మరికొన్ని వర్తక సంస్థలును కూలెను. పాఠశాలలకు, కళాశాలకు అని దాచిన నిధులు వాటితో పోయెను. కొద్దికాలములోనే ఫోర్ట్ విలియం కళాశాలలో ఆచార్య పదవులు రద్దుచేయబడి ఆయన జీతము నిలిచిపోయెను. అప్పటికి ఆయనకు డెబ్బది ఏండ్లు దగ్గరపడినవి. ఆ దశలోను ఉదయమున బంగాళీ బైబిలు కడపటి సవరణ ముద్రితములను దిద్దుచుండెను. 1829 డిసెంబరులో సతీసహగమన నిషేధ శాసనమును బంగాళీలోనికి మార్చుమని ప్రభుత్వము పంపినప్పుడు, ఆదివారపు ప్రసంగమును వేరొకరికి అప్పగించి కూర్చుండి దానిని ముగించెను. ఒక్క దినము ఆలస్యమైన ఎవరో ఒక స్త్రీ కాలిపోవునని ఆయన తొందర. గదిలో బందీగా ఉన్న ఒక స్త్రీ కేకలు పన్నెండేండ్లు విన్న చెవులు అవి.

1834 జూన్ 9 ఉదయమున కేరీ శ్రీరామపురములో మరణించెను. తన రాతిమీద పేరును, తేదీలును, తాను నిరాధారమైన పురుగువంటివాడనని చెప్పు రెండు పంక్తుల కీర్తన భాగమును తప్ప మరేమియు చెక్కరాదని వ్రాసిపెట్టెను. తనను షార్లెట్ ప్రక్కన పాతిపెట్టవలెనని కోరెను, అట్లే చేసిరి. డొరతీ సమాధియు శ్రీరామపురపు మట్టిలోనే ఉన్నది.